ప్రాణం తీసిన వస్తువు వెనకున్న పెద్దమనుషుల్ని కోర్టు మెట్లెక్కించడం ఎలా?

2024 ఆగస్టులో ఒక రాత్రి మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో, ఛార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలింది. ఇల్లు తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు. వదినను, పిల్లల్ని బయటికి పంపి తను వచ్చేలోపు అన్న పొగలో చిక్కుకున్నాడు. రుయా ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం పోయింది.

మూడో రోజు ఉదయం ఇంటి ముందు ఒక వ్యాను ఆగింది. మెడలో ట్యాగులు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు దిగారు. "అక్కా, బ్యాటరీ మేం తీసుకుపోతాం. ల్యాబ్‌లో టెస్ట్ చేయించి రిపోర్టు ఇస్తాం. ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అంటూ వదిన చేతికి ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. ఆమె పెన్ను పట్టుకుంది కూడా. పక్కింట్లో ఉండే రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గోడ దగ్గర నుంచే "అమ్మా, ఆగు" అని కేకేశాడు. వచ్చి కాగితం చదివి, "ఈ ముక్క ఇల్లు దాటిందంటే నీ కేసు కూడా దాంతోనే పోయినట్టు. పోలీసులకు తప్ప ఎవ్వరికీ ఇవ్వొద్దు" అన్నాడు.

ఆ రోజు ఆయన అక్కడ లేకపోతే ఇవాళ నేను ఇది రాసే పనే ఉండేది కాదు. నేను వకీలును కాను. వదినతో పాటు స్టేషన్ చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదే రాస్తున్నాను. మీ ఇంట్లో బ్యాటరీ కావచ్చు, గీజరు కావచ్చు, పిల్లకు పట్టిన దగ్గు మందు కావచ్చు. ఒక కంపెనీ వస్తువు వల్ల మనిషి పోతే మొదట ఇరుక్కునేది అమ్మిన షాపువాడు, రిపేరు చేసిన కుర్రాడు. పైనున్నవాళ్ల పేర్లు కాగితం మీదికి రావడమే కష్టం. చట్టం ఎవరినీ కుర్చీ చూసి శిక్షించదు. వాళ్లకు ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది, తెలిసి కూడా ఎందుకు ఆపలేదు అని అడుగుతుంది. ఆ మూడు ప్రశ్నలకు జవాబు పోగుచేసే పని మొదటి రోజే మొదలుపెట్టాలి.

ముందు వస్తువును కాపాడుకోండి

కాలిపోయిందైనా, పగిలిందైనా, సగం ఖాళీ అయిన సీసా అయినా సరే, ఉన్నది ఉన్నట్టు ఉంచండి. కడగొద్దు, తుడవొద్దు. ముట్టుకునే ముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు, వీడియో తీయండి. సీరియల్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఐఎస్ఐ మార్కు ఉంటే దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు, ఇవన్నీ దగ్గరగా కనిపించేలా తీయండి. ఆ లైసెన్సు నంబరు నిజమైందో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తెలుస్తుంది. అట్టపెట్టె, బిల్లు, వారంటీ కార్డు, ఛార్జరు, సర్వీసింగ్ రసీదులు కూడా సాక్ష్యాలే. చాలా ఇళ్లలో పెట్టెలు పాతసామాన్లవాడికి పోతాయి. మా వదిన మాత్రం పెట్టెను అటక మీద దాచింది. బ్యాటరీ మీద స్టిక్కరు సగం కరిగిపోయి చివరి నాలుగు అంకెలే మిగిలాయి. పెట్టె మీదున్న పూర్తి నంబరులో చివరి నాలుగూ అవే. ఆ పెట్టె లేకపోతే "అది మా బ్యాటరీ కాదు" అని కంపెనీ తేలిగ్గా అనేసేది.

వస్తువును పోలీసుల చేతనే స్వాధీనం చేయించండి. పంచనామా రాసి, సీలు వేసి, సాక్షుల సంతకాలు తీసుకోవాలి. కొత్త చట్టం ప్రకారం సోదాలను, స్వాధీనాలను వీడియో కూడా తీయాలి. పంచనామాలో "కాలిపోయిన బ్యాటరీ ఒకటి" అని రాస్తే సరిపోదు, ఆ నంబరు ఉండాలి. రాసింది చదివించుకుని విన్న తర్వాతే సంతకం పెట్టండి.

మంటలైతే అగ్నిమాపక శాఖ రిపోర్టు అడిగి తీసుకోండి. కరెంటు వస్తువైతే ఇంకో జాగ్రత్త ఉంది. "మీ ఇంటి వైరింగ్ బాగాలేదు" అనే మాట కంపెనీ నుంచి తప్పకుండా వస్తుంది. అందుకే ముందుగానే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ చేత ఇంటిని తనిఖీ చేయించమని రాతపూర్వకంగా కోరండి. కరెంటు సరఫరా చేసే ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది కాబట్టి ఆ రాత్రి మీ లైనులో ఏమైనా తేడా వచ్చిందా అని అక్కడా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.

పోస్టుమార్టం వద్దనకండి

"పోయిన మనిషిని మళ్లీ కోయిస్తారా" అని పెద్దవాళ్లు అడ్డుపడతారు. మా పెద్దమ్మ కూడా రుయా మార్చురీ ముందు కూలబడి అదే మాట అంది. ఆ బాధ నాకు తెలుసు. కానీ పోస్టుమార్టం లేకపోతే మరణానికి కారణం ఏమిటో చెప్పే కాగితమే ఉండదు. తర్వాత ఎంత ఏడ్చినా అది తిరిగి రాదు. మందు మీదో తిండి మీదో అనుమానం ఉంటే విసెరా, అంటే లోపలి అవయవాల నమూనాలు, భద్రపరచి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని డాక్టరుకు, ఎస్‌ఐకి ఇద్దరికీ చెప్పండి. తిరుపతిలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. మనిషి ఆసుపత్రిలో కొన్ని రోజులుండి చనిపోతే కేసు షీటు మొత్తం కాపీ తీసుకోండి. స్పృహలో ఉంటే మరణ వాంగ్మూలం తీసుకోమని అడగండి.

ఫిర్యాదు ఎలా రాయాలి

ఇలాంటి మరణాలను పోలీసులు మామూలుగా బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 194 కింద అనుమానాస్పద మృతి అని రాసి పెడతారు. ఫైలు అక్కడే ఆగిపోవచ్చు. మీరు విడిగా ఫిర్యాదు ఇచ్చి, భారతీయ న్యాయ సంహిత 106(1) కింద, అంటే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు, ఎఫ్‌ఐఆర్ కట్టమని అడగాలి. పాత ఐపీసీలో దీనికి రెండేళ్ల శిక్షే ఉండేది. 2024 జులై 1 నుంచి ఐదేళ్లయింది. లోపం ముందే తెలిసి, ప్రాణం పోవచ్చని తెలిసి కూడా అమ్మారనడానికి ఆధారం ఉంటే సెక్షన్ 105 కింద పదేళ్ల వరకు పడే కేసవుతుంది. ఈ రెండు సెక్షన్ల మధ్య తేడా "తెలుసు" అనే ఒక్క మాటలో ఉంది.

ఆ మాట ఎంత బరువైందో భోపాల్ చెబుతుంది. 1984 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ గ్యాస్ వేలమందిని చంపింది. సీబీఐ పదేళ్ల శిక్ష పడే సెక్షన్ కింద కేసు నడిపితే, 1996లో సుప్రీంకోర్టు దాన్ని రెండేళ్ల నిర్లక్ష్యం సెక్షన్‌కు తగ్గించింది. ప్రాణాలు పోతాయని తెలిసి చేశారనడానికి తగిన ఆధారం లేదంది. 2010లో భారతీయ అధికారులకు పడింది ఆ రెండేళ్లే. ఆ కంపెనీ అమెరికా పెద్ద వారెన్ ఆండర్సన్ ఇక్కడి కోర్టు మెట్లెక్కకుండానే 2014లో చనిపోయాడు.

ఫిర్యాదులో కథంతా రాయనక్కర్లేదు. తేదీ, వస్తువు, నంబరు, ఎక్కడ కొన్నారు, ఏం జరిగింది, ముందు ఏమైనా ఇబ్బంది చెప్పుకున్నారా అన్నవి చాలు. చివర మాత్రం ఈ అర్థం వచ్చేలా తప్పక రాయండి: "ఈ బ్యాటరీని తయారుచేసిన కంపెనీ, దాని మేనేజింగ్ డైరెక్టరు, ఇతర డైరెక్టర్లు, నాణ్యతకూ భద్రతకూ బాధ్యులైన అధికారులు, అమ్మిన డీలరు, వీరిలో ఎవరికి ఈ లోపం ఎప్పుడు తెలిసిందో దర్యాప్తు చేసి, బాధ్యులందరి మీదా చర్య తీసుకోవాలని కోరుతున్నాను." మీకు తెలియని విషయాన్ని తెలిసినట్టు రాయొద్దు. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ దాని కింద పడి నలిగిపోతాయి.

శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఉండే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలు పోలీసులకు ఉంది. 106 దాని కిందికే వస్తుంది కాబట్టి "విచారణలో ఉంది" అనే జవాబు వస్తే కంగారుపడకండి, కానీ తేదీ రాసుకోండి. ఎఫ్‌ఐఆర్ అయితే కాపీ ఉచితంగా ఇవ్వాలి. కట్టకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 175(3) కింద ఆయన దర్యాప్తుకు ఆదేశించగలరు.

వకీలు ఫీజుకు భయపడి ఆగిపోకండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100కు ఫోన్ చేయండి, లేదా చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

పెద్దవాళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయి

ఇది మీరు ఇంట్లో కూర్చుని చేసుకోగల పని. బిల్లు మీదో కంపెనీ లెటర్‌హెడ్ మీదో సీఐఎన్ అని 21 అక్షరాల, అంకెల నంబరు ఉంటుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే డైరెక్టర్ల పేర్లు, వాళ్లు ఎప్పుడు చేరారో వస్తాయి. వందరూపాయలు కడితే కంపెనీ దాఖలు చేసిన పత్రాలు కూడా చూడొచ్చు. ఇవాళ్టి డైరెక్టర్ల జాబితా చూసి తృప్తిపడొద్దు. ఆ వస్తువు తయారైన నెలలో, అమ్మిన నెలలో ఎవరు ఉన్నారో చూడండి. ప్రమాదం తర్వాత రాజీనామా చేసి పక్కకు తప్పుకున్న పేర్లు అక్కడే దొరుకుతాయి. దొరికిన రోజే పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి.

డైరెక్టర్లందరి పేర్లూ రాసేస్తే కేసు బలపడుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి బలహీనపడుతుంది. డైరెక్టరు అయినంత మాత్రాన మనిషి నిందితుడు కాడని, తను స్వయంగా పాత్ర పోషించాడనడానికి ఆధారమైనా ఉండాలి, లేదా ఆ చట్టమే అతణ్ని బాధ్యుణ్ని చేయాలి అని 2015లో సునీల్ భారతీ మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదిమంది పేర్లు రాస్తే హైకోర్టులో పదిమందీ కొట్టేయించుకుంటారు. ఇద్దరి పేర్లు ఆధారంతో రాస్తే ఆ ఇద్దరూ నిలబడాలి.

"వాళ్లకు తెలుసు" అని చూపించడం

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

అన్న చనిపోయిన నెలకు వదిన స్కూటర్ డిక్కీలోని కాగితాలు తీసి చూస్తుంటే సర్వీసు సెంటరు ఇచ్చిన రెండు జాబ్ కార్డులు దొరికాయి. ఒకటి మేలో, ఇంకోటి జులైలో. రెండింటిలోనూ కస్టమర్ కంప్లైంట్ అన్న చోట "బ్యాటరీ హీటింగ్" అని ఉంది. జులై కార్డు కింద సర్వీసు కుర్రాడి చేతిరాతతో "చెక్డ్, ఓకే" అని ఉంది. ఆ రెండు పదాలు చూసి వదిన చాలాసేపు మాట్లాడలేదు. అన్న ఫోన్‌లో అదే సర్వీసు సెంటరుకు పంపిన వాయిస్ మెసేజ్ కూడా ఉంది: "అన్నా, నిన్న కూడా చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, ఒకసారి చూడండి."

ఇక్కడితో ఆగితే దోషం సర్వీసు కుర్రాడిది అవుతుంది, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. మనం అడగాల్సింది తర్వాతి ప్రశ్న. ఈ కంప్లైంట్ ఆ కుర్రాడి దగ్గర నుంచి ఎక్కడికి పోయింది? వారంటీలో ఉన్న బ్యాటరీ గురించి డీలరు కంపెనీకి రాయకుండా ఉండడు. అందుకే దర్యాప్తు అధికారికి ఒక అర్జీ ఇచ్చాం. బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద కంపెనీకి నోటీసు ఇచ్చి కొన్ని పత్రాలు తెప్పించమన్నాం: ఈ మోడల్ మీద వచ్చిన హీటింగ్ ఫిర్యాదుల రిజిస్టరు, డీలర్ల నుంచి వచ్చిన ఈమెయిళ్లు, నాణ్యత పరీక్షల రిపోర్టులు, ఆ బ్యాచ్ సెల్‌లు ఎవరి దగ్గర కొన్నారో, బోర్డు సమావేశాల్లో ఈ విషయం చర్చకు వచ్చిందా అన్నది. ఏం కావాలో పేరుపెట్టి అడిగితేనే వస్తుంది. "అన్ని రికార్డులూ తెప్పించండి" అంటే ఏదీ రాదు. చివరికి డీలరు కంప్యూటర్‌లో ఒక మెయిల్ బయటపడింది. జూన్‌లో డీలరు కంపెనీ ప్రాంతీయ ఆఫీసుకు రాశాడు, ఒకే మోడల్‌లో హీటింగ్ ఫిర్యాదులు వస్తున్నాయి, ఏం చేయమంటారని.

అమెరికాలో పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా కేసు కూడా ఇలాంటి ఈమెయిళ్ల మీదే నిలబడింది. సాల్మొనెల్లా ఉన్న వేరుశనగ ఉత్పత్తుల వల్ల 2008-09లో తొమ్మిది మంది చనిపోయారు. సరుకు సంగతి తెలిసి కూడా పంపించేయమని యజమాని స్టువర్ట్ పార్నెల్ రాసిన మెయిల్ జ్యూరీ ముందుకు వచ్చింది. 2015లో ఆయనకు 28 ఏళ్ల శిక్ష పడింది. మన పల్లెల్లో వేరుశనక్కాయ పండించే ప్రతి రైతుకూ ఈ సంగతి తెలియాలని నాకనిపిస్తుంది.

మీ వైపు నుంచి చేయగలిగేవి ఇంకా ఉన్నాయి. ఆర్టీఐ ప్రైవేటు కంపెనీకి వర్తించదు గానీ, దానికి అనుమతులిచ్చిన ప్రభుత్వ శాఖలకు వర్తిస్తుంది. పది రూపాయలతో దరఖాస్తు పెట్టి, ఈ మోడల్‌కు ఏ పరీక్ష ఆధారంగా అనుమతి ఇచ్చారు, ఇంతకుముందు ఏమైనా నోటీసులు ఇచ్చారా అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. బ్యాటరీ వాహనాలైతే తేదీలు కూడా ముఖ్యం. 2022 మార్చిలో మనకు దగ్గర్లోని వెల్లూరులో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ పొగకు తండ్రీకూతుళ్లు చనిపోయారు. ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో బ్యాటరీ పేలి ఇంటాయన పోయాడు. ఆ తర్వాతే కేంద్రం ఏఐఎస్-156 భద్రతా ప్రమాణాలను గట్టిచేసింది. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత తయారైన బ్యాటరీ కాలిందంటే "ఇలా జరుగుతుందని మాకు తెలియదు" అనే మాట చెల్లడం చాలా కష్టం.

అదే మోడల్ వాడుతున్నవాళ్లను వెతకండి. 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసినవాళ్లు ఉంటే వాళ్ల ఫిర్యాదు నంబర్లు అడగండి. కంపెనీలో పనిచేసి మానేసినవాళ్లు ఎవరైనా మాట్లాడితే వాళ్ల పేరు బయటపెట్టొద్దు, ముందు మీ వకీలుతో కలపండి.

ఫోన్లో ఉన్న సాక్ష్యం గురించి ఒక మాట. వాయిస్ మెసేజ్‌ను వేరే ఫోన్‌కు ఫార్వర్డ్ చేసి అసలు ఫోన్ అమ్మేయొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి. అన్న ఫోన్‌ను వదిన ఇప్పటికీ స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టింది.

మందు, తిండి అయితే దారి వేరు

ఈ రెండింటిలో చట్టం మన వైపు కాస్త గట్టిగా నిలబడుతుంది. ఔషధాల చట్టం సెక్షన్ 34 ప్రకారం, ఆహార భద్రత చట్టం సెక్షన్ 66 ప్రకారం కంపెనీ నేరం చేస్తే ఆ వ్యాపారానికి బాధ్యుడైన వ్యక్తి కూడా నిందితుడే. తనకు తెలియకుండా జరిగిందని, తను తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకునే భారం అతనిదే. డైరెక్టరు సమ్మతితోగానీ నిర్లక్ష్యం వల్లగానీ జరిగిందని తేలితే అతనూ బాధ్యుడే.

2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్రిఫ్ దగ్గు మందు తయారైంది మనకు పక్కనే, కాంచీపురం జిల్లాలో. ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ల్యాబ్‌లో తేలింది. ఉండదగ్గది 0.1 శాతం. అక్టోబరులో కంపెనీ యజమానిని చెన్నైలో అరెస్టు చేశారు. ఒక బ్యాచ్ నంబరు పట్టుకుని, సీసాల్లో మిగిలిన మందును పరీక్షకు పంపడం వల్లే అంత తొందరగా కదిలింది. అందుకే మళ్లీ చెప్తున్నా, మిగిలిన మందు పారబోయొద్దు. మూత బిగించి పెట్టండి. మిగిలిన తిండైతే ఫ్రిజ్‌లో పెట్టండి.

మందైతే పోలీసులతో పాటు డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఎందుకంటే ఔషధాల చట్టం కింద పోలీసులు నేరుగా కేసు కట్టలేరని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్‌స్పెక్టర్ కదలకపోతే సెక్షన్ 32 కింద బాధితులే స్వయంగా కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. ప్రాణాంతకమైన కల్తీ మందు అయితే పదేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకు శిక్ష.

తిండైతే ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు. మరణం జరిగితే ఏడేళ్లకు తక్కువ కాని శిక్ష, పది లక్షలకు తగ్గని జరిమానా, కుటుంబానికి ఐదు లక్షలకు తగ్గని పరిహారం అని చట్టంలో ఉంది. ఒక గడువు మాత్రం గుర్తుంచుకోండి. ఆహార భద్రత చట్టం కింద నేరాన్ని కోర్టు ఏడాదిలోపు విచారణకు తీసుకోవాలి. ప్రత్యేక అనుమతితోనే మూడేళ్ల వరకు వీలుంటుంది. ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఏడాది గడిచిపోనివ్వకండి.

వినియోగదారుల కమిషన్

క్రిమినల్ కేసు నడుస్తున్నా దీన్ని విడిగా వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ఒక అధ్యాయమే ఉంది. తయారీలోనో డిజైన్‌లోనో లోపం ఉందని, హెచ్చరికలు సరిగా ఇవ్వలేదని చూపిస్తే చాలు, కంపెనీ నిర్లక్ష్యాన్ని విడిగా నిరూపించాల్సిన పని లేదు. వినియోగదారుడు చనిపోతే వారసులు వేయొచ్చు. మీరు ఉండే చోటే వేయొచ్చు కాబట్టి బెంగళూరుకో పుణెకో పోనక్కర్లేదు, తిరుపతి, చిత్తూరు కమిషన్లలోనే చాలు. ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకు మీరు కట్టిన ధరను బట్టి ఉంటుంది. ఐదు లక్షల లోపు ధరైతే ఫీజే లేదు. రెండేళ్ల లోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు.

నేను దీన్ని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరే వీలుంది. కంపెనీ తన జవాబును రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్కడ వాళ్లు రాసిన ప్రతి మాటా క్రిమినల్ కేసులో మీకు పనికొస్తుంది. మా కేసులో కంపెనీ ఆ జవాబులోనే "జూన్‌లో వచ్చిన సమాచారాన్ని సాంకేతిక విభాగం పరిశీలించింది" అని రాసింది. పరిశీలించింది అంటే తెలిసినట్టే కదా.

డబ్బు ఇస్తామని వచ్చినప్పుడు

వస్తారు. వదిన దగ్గరకు కూడా వచ్చారు, మా దూరపు బంధువు ఒకాయన్ని మధ్యలో పెట్టుకుని. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు ఉన్న మనిషికి డబ్బు తీసుకోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. కానీ కాగితంలో "ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ప్రమాదం మా పొరపాటు వల్ల జరిగింది" అన్న ధోరణిలో ఒక్క వాక్యం ఉన్నా సంతకం పెట్టకండి. 106 సెక్షన్ కేసును రాజీ చేసుకునే వీలు మామూలుగా లేదు. అలాంటి కాగితం పట్టుకుని హైకోర్టుకు పోయి కేసు కొట్టేయమంటారు. పరిహారం ఎంతైనా సరే, వకీలు చదివాకే, కమిషన్ ముందో కోర్టు ముందో తీసుకోండి.

ఛార్జిషీటు వచ్చాక

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోపు బాధితులకు చెప్పాల్సిన బాధ్యత పోలీసులది. చెప్పకపోతే రాసి అడగండి. ఛార్జిషీటు వేశారని తెలియగానే కాపీ తీసుకుని, ముందు నిందితుల పేర్లు చూడండి, ఆ తర్వాత జతచేసిన పత్రాల జాబితా చూడండి. మా ఛార్జిషీటులో ఇద్దరే ఉన్నారు, డీలరు, అతని సర్వీసు మేనేజరు. కానీ పత్రాల జాబితాలో జూన్ మెయిల్ ఉంది. పోలీసులే స్వాధీనం చేసుకున్న కాగితం కంపెనీకి తెలుసని చెబుతుంటే కంపెనీ పేరే లేదు. దాన్నే చూపిస్తూ మేజిస్ట్రేట్ ముందు ప్రొటెస్ట్ పిటిషన్, అంటే ఈ ఛార్జిషీటు మీద మా అభ్యంతరం, వేశాం. మళ్లీ దర్యాప్తు చేయమని ఆదేశం వచ్చింది. మీకు అది కుదరకపోయినా, విచారణ మధ్యలో సాక్ష్యంలో ఎవరి పాత్ర బయటపడినా బీఎన్‌ఎస్‌ఎస్ 358 కింద వాళ్లను నిందితులుగా చేర్చమని అడగొచ్చు. పీపీకి, అంటే ప్రభుత్వ వకీలుకు, తోడుగా మీ వకీలును పెట్టుకునేందుకు కోర్టు అనుమతి కోరండి. నిందితుల్ని వదిలేసినా, చిన్న సెక్షన్‌తో సరిపెట్టినా అప్పీలు వేసే హక్కు బాధితులకు ఉంది.

ప్రతి వాయిదాకూ వెళ్లండి. వాయిదా ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, జడ్జి గారు ఏమన్నారు, అంతా ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. మా వదిన రాస్తుంది. మొదటి పేజీలో అటక మీది పెట్టెకు తీసిన ఫొటో అంటించి, నంబరులో చివరి నాలుగు అంకెల కింద ఎర్ర పెన్నుతో గీత గీసింది. కిందటి వాయిదాకు దర్యాప్తు అధికారి మారారు. కొత్తాయనకు మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. వదిన ఆ నోట్‌బుక్కు తెరిచి ఆయన టేబుల్ మీద పెట్టింది, ఆయన మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.